గుడ్డ ఆడటం లేదు, మోటార్లే ఆడుతున్నాయి: 16 పట్టీల ఇన్‌స్టలేషన్‌కి సలహా కావాలి

నూలుపోగు (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక హాల్లో మూడు వారాలు ఉండేట్టు ఒక ఇన్‌స్టలేషన్ కడతా ఉన్నాం. అందులో మనుషులు ఆడరు, గుడ్డలే ఆడాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడితే అక్కడి గుడ్డలు ఊగడం మొదలుపెట్టి, ఆ ఊపు పక్క గుడ్డలకి పాకాలి.

హాలు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. దూలం 14 అడుగుల ఎత్తులో ఉంది. దాని కింద ఒకే వరసలో 16 పట్టీలు, అడుగున్నరకి ఒకటి. ఒక్కో పట్టీ 9 అడుగుల పొడవు, అడుగు వెడల్పు. 12 పట్టీలు మల్లు గుడ్డ (చదరపు మీటరుకి 65 గ్రాములు), మిగతా 4 శ్రీకాళహస్తి కలంకారీ. ప్రతి పట్టీ పైన అడుగు పొడవు అల్యూమినియం చేయి, దాన్ని తిప్పడానికి ఎంజీ996ఆర్ సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు). కంట్రోలుకి ఆర్డుయినో యూనో (చిన్న కంప్యూటర్ బోర్డు), దాని మాటని సర్వోలకి సిగ్నళ్ళుగా పంచే పీసీఏ9685 బోర్డు. సప్లై 5 ఓల్టులు, 10 ఆంపియర్లు. మనుషుల్ని పసిగట్టడానికి నాలుగు పీఐఆర్ (ఒంటి వేడి కదలికని గుర్తించే) సెన్సర్లు, హెచ్‌సీ-ఎస్‌ఆర్501.

ఇప్పుడు వచ్చిన తలనొప్పులు: నిదానంగా తిప్పితే చేయి చిన్న చిన్న గెంతులు గెంతుతుంది. 16 ఒకేసారి కదిలితే యూనో రీసెట్ అయిపోతుంది. ఆగినప్పుడు కూడా సర్వోలు జుయ్‌మని గీపెడతాయి. ఎవరూ లేకపోయినా పీఐఆర్ ట్రిగ్గర్ అవుతుంది, మధ్యాహ్నం మాత్రం మనిషి ఎదురుగా నిలబడినా పలకదు. అన్నిటికంటే పెద్దది, చూస్తే గుడ్డని ఎవరో చెయ్యి పట్టి లాగుతున్నట్టుంది, అది ఆడుతున్నట్టు లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

---

ఓల్టు సామి (చిత్తూరు)

రీసెట్ సంగతి మొదట. ఎంజీ996ఆర్ ఇరుక్కున్నప్పుడు 6 ఓల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు లాగుతుంది. కదలడం మొదలైన క్షణంలో కూడా దాదాపు అంతే. 16 కలిపితే 40 ఆంపియర్లు, మీ సప్లై 10. ఓల్టేజీ కూలిపోతుంది, యూనో పడిపోతుంది. ఎల్‌ఈడీ డిస్‌ప్లే బోర్డులకి వాడే 5 ఓల్టుల 40 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) తీసుకోండి. యూనోకి వేరే అడాప్టర్ ఇవ్వండి, గ్రౌండ్ (మైనస్) వైర్లు మాత్రం కలపండి. ఆ 40 ఆంపియర్లు పీసీఏ9685 బోర్డు గుండా పోనివ్వొద్దు, దాని రాగి గీతలు అంత తట్టుకోవు. నాలుగేసి సర్వోలకి ఒక వైరు చొప్పున ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా లాగండి, బోర్డు నుంచి సిగ్నల్ ఒక్కటే రావాలి.

వైరు మందం తక్కువైనా ఇదే గోల. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 5 మీటర్లు లాగితే, పోను రాను 10 మీటర్లు, నిరోధం 0.17 ఓమ్. అందులో 5 ఆంపియర్లు పోతే 0.86 ఓల్టు దారిలోనే మాయం. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 0.34.

ఇక గెంతులు. సర్వోకి 20 మిల్లీసెకన్లకి ఒక పల్స్ పోతుంది, దాని వెడల్పే కోణం చెబుతుంది. పీసీఏ9685 ఆ 20 మిల్లీసెకన్లని 4096 ముక్కలు చేస్తుంది, అంటే ఒక్కో ముక్క 4.88 మైక్రోసెకన్లు. 180 డిగ్రీలకి సుమారు 2000 మైక్రోసెకన్లు అనుకుంటే ఒక ముక్క 0.44 డిగ్రీ. అడుగు చేయి చివర అది 2.3 మిల్లీమీటర్ల గెంతు. బోర్డు మార్చినా లాభం లేదు, సర్వో డెడ్‌బ్యాండే (ఇంతకంటే చిన్న మార్పుని అది పట్టించుకోదు) 5 మైక్రోసెకన్లు. ఆ గీపెట్టడం కూడా అక్కడిదే: వేలాడే బరువు ఊగుతుంటే సర్వో ఇటు అటు దిద్దుకుంటూనే ఉంటుంది.

కాబట్టి నా మాట: సర్వోలు పక్కన పెట్టి నెమా 17 స్టెప్పర్లకి (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటార్లు) మారండి, వాటిని నడిపే డ్రైవర్ చిప్పు టీఎంసీ2209. 4988 డ్రైవర్ చవక కానీ ఖాళీ హాల్లో దాని కూత చెవిలో గుచ్చుకుంటుంది. 2209 నిదాన వేగంలో దాదాపు వినబడదు. ఆర్డుయినో మెగా (యూనోకి పెద్దన్న) మీద, డ్రైవర్లు గుచ్చుకునే రాంప్స్ 1.4 బోర్డు పెడితే ఐదు డ్రైవర్లు పడతాయి, నాలుగు వాడుకోండి. నాలుగు సెట్లకి 16 మోటార్లు. రాంప్స్‌కి 12 ఓల్టులే ఇవ్వండి. 24 ఇస్తే బోర్డు మీది డయోడ్ గుండా ఆ 24 నేరుగా మెగా మీదికే పోతుంది, దాని రెగ్యులేటర్ కాలుతుంది. డ్రైవర్ వీరెఫ్ (కరెంటు పరిమితిని నిర్ణయించే ఓల్టేజీ) 0.85 ఓల్టు దగ్గర పెడితే మోటారుకి సుమారు 0.6 ఆంపియర్లు, మీ పనికి చాలు. డ్రైవర్ మీది ఎంఎస్1, ఎంఎస్2 పిన్నులు రెండూ హై చేస్తే 1/16 మైక్రోస్టెప్ (మోటారు ఒక అడుగులో పదహారో వంతు), అంటే చుట్టుకి 3200. 4988 జంపర్ పట్టిక దీనికి పనికిరాదు, చాలామంది తప్పు చేసేది అక్కడే. కరెంటు ఉండగా మోటారు వైరు పీకితే డ్రైవర్ పోతుంది.

ఒక సంగతి మీరు రాయలేదు: చేయి తలుపులా అడ్డంగా తిరుగుతుందా, ఏతంలా పైకీ కిందికీనా? ఏతంలా అయితే వేలాడే బరువంతా మోటారు మీదే. తలుపులా పెట్టి, బరువుని 608 బేరింగ్ మీదికి ఎక్కించండి. 8 మిల్లీమీటర్ల ఇరుసు, దానికి రెండు బేరింగులు, మోటారుకి మధ్య 5 నుంచి 8 మిల్లీమీటర్ల కప్లర్ (రెండు ఇరుసుల్ని కలిపే గొట్టం). మోటారు తిప్పాలి అంతే, మొయ్యకూడదు.

---

దారంకొస

సామి చెప్పింది పూర్తిగా చేసినా గుడ్డ ఆడదు. నున్నగా లాగబడుతుంది, అంతే తేడా.

తోలుబొమ్మని చూడండి. నడుముకి ఒక బద్ద, చేతులకి చెరో పుల్ల. మోచేయికీ మణికట్టుకీ ఏమీ ఉండదు, కీలు దగ్గర దారం ముడి ఒక్కటే. పుల్ల ఆగిన తర్వాత కూడా చెయ్యి ఇంకొంచెం పోయి వెనక్కి వస్తుంది, ఆ ఇంకొంచెమే ప్రాణం. మీరు మోటారుతో గుడ్డ ఉండాల్సిన చోటుని నిర్ణయిస్తున్నారు. చెయ్యాల్సింది దానికి ఒక తోపు ఇచ్చి వదిలెయ్యడం, మళ్ళీ సరైన సమయానికి ఇంకో తోపు. ఉయ్యాల ఊపేవాళ్ళు చేసేది ఇదే.

సరైన సమయం ఏదో గుడ్డ పొడవు చెబుతుంది. పై కొస నుంచి వేలాడే ఏకరీతి తాడుకి సొంత ఊపు కాలం: అడుగుల్లో పొడవుకి వర్గమూలం తీసి 0.92తో గుణించండి. మీ 9 అడుగులకి 2.76 సెకన్లు. బరువుతో సంబంధం లేదు. ఆ తాళంలో పై కొసని ఇటు అటు రెండు మూడు అంగుళాలు కదిపితే కింద ఊపు పెద్దదవుతుంది. కాలాన్ని 1.2 సెకన్లకి తగ్గిస్తే మధ్యలో ఒక చోటు నిలిచిపోయి పామువంకర వస్తుంది, అది రెండో తీరు. మీ దగ్గరున్న నృత్య భంగిమలు ఈ రెండే అనుకోండి, మూడోది నిశ్చలం. కొరియోగ్రఫీ అంతా ఈ మూడింటి మధ్య మారడంలోనే ఉంది. నిశ్చలానికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఆగని గుడ్డని ఎవరూ రెండు నిమిషాలకి మించి చూడరు.

కింది అంచుకి కొంచెం బరువు కావాలి. 8 మిల్లీమీటర్ల చువ్వ అడుగు ముక్క 120 గ్రాములు తూగుతుంది, అది చాలు. హాన్స్ హాకే అనే కళాకారుడు 1964-65లో చేసిన బ్లూ సెయిల్‌లో ఉన్నవి నీలం షిఫాన్ గుడ్డ, దాని కింద తల తిప్పే ఫ్యాను, మూలలకి చేపల గాలానికి కట్టే బరువులు, కాస్త దారం. అంతే సరుకు. గుడ్డ సముద్రంలా లేస్తుంది. అందులో కంట్రోలర్ లేదు.

కలంకారీ పట్టీలకి మాత్రం ఇనుప చువ్వ తగలనివ్వొద్దు. ఆ గుడ్డ కరక్కాయ, పాలలో నాని ఉంటుంది. కరక్కాయ వగరుకి తడి ఇనుము తగిలితే నల్లగా అవుతుంది, కలంకారీ నలుపు పుట్టేదే ఆ మర్మంతో కదా. చెమట చేతులతో ఎక్కించినా చాలు, అంచున నల్ల మరక పడుతుంది, ఉతికినా పోదు. నన్నడిగితే చేత్తో గీసిన కలంకారీని రోజుకి ఎనిమిది గంటలు ఒకే మడత దగ్గర వంచడమే తప్పు. నల్ల గీతల దగ్గర నూలు ముందే బలహీనంగా ఉంటుంది, చిరుగు అక్కడే మొదలవుతుంది. వాటిని గోడకి కదలకుండా కట్టండి, ఆడించడానికి మల్లు చాలు.

---

గాలిలెక్క (రేణిగుంట)

దారంకొస గారి సూత్రం తాడుకి కచ్చితం. అడుగు వెడల్పు మల్లు పట్టీకి కాదు, పొరపాటు చాలా పెద్దది.

వెడల్పాటి గుడ్డ ముఖం వైపుకి కదిలితే ముందూ వెనకా ఉన్న గాలిని కూడా మోసుకుపోవాలి. ఆ గాలి ఎంతంటే, గుడ్డ వెడల్పే వ్యాసంగా ఉన్న గొట్టంలో పట్టేంత. అడుగు వెడల్పుకి మీటరుకి సుమారు 88 గ్రాములు. మీ మల్లు పట్టీ మీటరుకి 20 గ్రాములే. గుడ్డ కంటే గాలి నాలుగింతలు బరువు! వెనక్కి లాగే శక్తి 20 గ్రాములది, కదలాల్సిన జడత్వం 108 గ్రాములది. 2.76 కాస్తా 6 సెకన్లు దాటుతుంది. నేత సందుల్లోంచి గాలి కొంత జారిపోతుంది కాబట్టి అసలు విలువ దీనికి కొంచెం తక్కువ ఉంటుంది. అదీ కాక గాలి ఘర్షణ వల్ల ఒక్క ఊపు పూర్తికాకముందే చచ్చిపోతుంది. అందుకే బరువు లేని వెడల్పు పట్టీకి ఉయ్యాల వైద్యం పనిచెయ్యదు.

కింద 120 గ్రాములు కడితే లెక్క సుమారు 4 సెకన్లకి వస్తుంది, ఊపు మూడు నాలుగు సార్లు సాగుతుంది. కానీ కాగితం మీద లెక్కని నమ్మి కోడ్ రాయొద్దు. అంచుని అడుగు పక్కకి లాగి వదలండి, మూడు ఊపులు ఫోన్లో స్టాప్‌వాచ్‌తో కొలిచి మూడుతో భాగించండి. ఫ్యాన్లు ఆపి కొలవాలి. ప్రతి పట్టీకి విడిగా కొలవండి, కుట్టు తేడాకే కాలం మారుతుంది. గుడ్డని పక్కవాటుగా, అంటే అంచు ముందుకి పెట్టి కదిపితే గాలి అడ్డు చాలా తక్కువ, అప్పుడు పాత సూత్రానికి దగ్గరగా వస్తుంది. అదొక భంగిమగా వాడుకోవచ్చు: ఒకే పట్టీ, చేయి దిక్కుని బట్టి రెండు రకాల నడక.

చువ్వ మాత్రం వద్దు. మీ గుడ్డ అంచు నేలకి 5 అడుగుల్లో ఉంది, అది మనిషి ముక్కు. ఇనుప చువ్వ అక్కడ ఊగితే ఎవరికో పగులుతుంది. అంచుని అంగుళమున్నర మడిచి గొట్టంలా కుట్టి, కడిగి ఆరబెట్టిన సన్న ఇసుక 120 గ్రాములు పోయండి. పోసేటప్పుడు రెండేసి అంగుళాలకి అడ్డకుట్టు వెయ్యండి, ఆరు గదులు, గదికి 20 గ్రాములు. అడ్డకుట్టు లేకపోతే పది నిమిషాల్లో ఇసుకంతా ఒక మూలకి చేరి గుడ్డ మెలిక పడుతుంది. మల్లు నేత సందుల్లోంచి ఇసుక రాలుతుంది కాబట్టి లోపల దట్టమైన పాప్లిన్ తిత్తి పెట్టండి. మొహానికి తగిలినా దెబ్బ కాదు.

---

నూలుపోగు (తిరుపతి)

ఇసుక పోసి ఒక పట్టీ కొలిచాం: 3.8 సెకన్లు. బరువు లేనిదైతే నిజంగానే ఒక్క ఊపుకి ఆగిపోయింది. చెయ్యి తలుపులాగే తిరుగుతుంది సామీ, బేరింగ్ మాత్రం లేదు, పెడతాం. కలంకారీ గోడకే.

కోడ్‌లో ఒక చిక్కు. యాక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీతో (స్టెప్పర్లని నడిపే రెడీమేడ్ కోడ్) మూవ్‌టూ, అంటే ఫలానా చోటుకి పొమ్మనే ఆజ్ఞ, వాడితే ప్రతి మలుపులో గుడ్డ మీద ఒక చిన్న కుదుపు పైనుంచి కిందికి పరుగెడుతుంది. సెన్సర్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

ఓల్టు సామి (చిత్తూరు)

మూవ్‌టూ వేగాన్ని సరళరేఖలో పెంచి, సరళరేఖలో తగ్గిస్తుంది. మలుపు దగ్గర త్వరణం ఒక్కసారిగా తిరగబడుతుంది. మోటారుకి అది ఏమీ కాదు, గుడ్డ దాన్ని చాటింపు వేస్తుంది. గమ్యం ఇవ్వడం మానేసి, 10 మిల్లీసెకన్లకి ఒకసారి సైన్ లెక్కతో వేగం ఇవ్వండి, రన్‌స్పీడ్‌ని (ఆ వేగంతో నడిపే ఆజ్ఞ) మాత్రం ప్రతి లూప్‌లో పిలవండి. 3.8 సెకన్ల కాలం, ఇటు 20 డిగ్రీలు అటు 20 డిగ్రీలు అనుకుంటే మోటారు గరిష్ఠ వేగం సెకనుకి దాదాపు 295 మైక్రోస్టెప్పులు. నాలుగు మోటార్లకి 1200 లోపే. 16 మెగాహెర్ట్జ్ బోర్డు మీద ఈ లైబ్రరీ అన్నీ కలిపి 4000 దాకా లాగుతుంది, ఇబ్బంది లేదు. కానీ లూప్‌లో డిలే కానీ, పొడుగాటి సీరియల్ ప్రింట్ కానీ ఉంటే స్టెప్పులు ఆలస్యమై మళ్ళీ కుదుపే.

---

కంటిపాప

పీఐఆర్ ఈ పనికి మొదటినుంచీ తప్పు ఎంపిక. అది మనిషిని చూడదు, తన ముందున్న గళ్ళ మధ్య వేడి తేడా కదలడాన్ని చూస్తుంది. గోడ కంటే గుడ్డ ఒకటి రెండు డిగ్రీలు తేడాగా ఉండి ఊగితే చాలు, మనిషే అనుకుంటుంది. అంటే మీ గుడ్డ తనని చూసుకుని తానే ఆడుతోంది. మధ్యాహ్నం మన ఊళ్ళో హాలు గోడలు 37, 38కి చేరితే మనిషి ఒళ్ళు, చొక్కా, గోడ అన్నీ ఒకే వేడి. తేడా లేదు, కాబట్టి మనిషి లేడు. ఏసీ లేని హాల్లో ఎండాకాలం పీఐఆర్ పెట్టి లాభం లేదు.

24 గిగాహెర్ట్జ్ రాడార్ మాడ్యూల్ పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. వేడి దానికి లెక్కలేదు నిజమే, కానీ కదిలే గుడ్డ, ఫ్యాను రెక్క దానికి మనుషులే. అల్ట్రాసానిక్ కూడా వద్దు, పట్టుచీర, నూలు పంచె శబ్దాన్ని మింగేస్తాయి.

మీ కొలతల్లోనే దారి ఉంది. గుడ్డ 5 అడుగుల దగ్గర ఆగుతుంది, మనిషి కాళ్ళు కింద ఉంటాయి. గోడకి 2 అడుగుల ఎత్తులో వీఎల్53ఎల్1ఎక్స్ లేజర్ దూరం సెన్సర్లు నాలుగు, ఆరడుగులకి ఒకటి, దూలం వైపు చూసేట్టు. గోడ నుంచి వరసకి 3 మీటర్లు, దీని అందుబాటు వెలుతురు తక్కువున్న చోట 4 మీటర్ల దాకా. చూపు కోణం 27 డిగ్రీల దాకా, 3 మీటర్ల దగ్గర మహా అయితే 4.7 అడుగుల వెడల్పు. పైకి కూడా అంతే విచ్చుకుంటుంది కానీ 4.4 అడుగుల్లో ఆగుతుంది, గుడ్డకి తగలదు. సమస్య కిందివైపు: రెండున్నర మీటర్ల దగ్గర కోణం నేలని తాకవచ్చు, టైల్స్‌నే మనిషి అనుకోవచ్చు. దీని లైబ్రరీలో ఆర్‌ఓఐ (చూసే గడుల్ని ఎంచుకునే) సెట్టింగ్ ఉంది, 16 × 16 గడుల్ని 16 × 4కి తగ్గించండి. పక్కలకి చూపు అలాగే ఉండి, నిలువు చూపు సన్నబడుతుంది. సెన్సర్ని ఏ వైపు తిప్పి బిగించారో చూసుకోండి, అడ్డం నిలువు తారుమారైతే పని చెడుతుంది. వరసకి అవతల వైపున్న మనుషులు ఇందులో పడరు, ఆ వైపు కూడా కావాలంటే ఎదురు గోడకి ఇంకో నాలుగు.

ఎండ పడే కిటికీకి ఎదురుగా పెట్టొద్దు, లేజర్ 940 నానోమీటర్లు, ఎండలోనూ హాలోజన్ దీపంలోనూ ఆ కాంతి పుష్కలం. అందుబాటు సగం కంటే కిందికి పడిపోతుంది. దీపాలు ఎల్‌ఈడీవే పెట్టండి, గుడ్డ దగ్గర హాలోజన్ ఎలాగూ నిప్పుకి దారి.

ఈ సెన్సర్లు మాట్లాడే ఐ2సీ తీగల మీద అన్నిటి చిరునామా ఒకటే, పైగా ఆ వైరు మీటరు దాటితే మొరాయిస్తుంది. ప్రతి సెన్సర్ దగ్గర ఒక ఆర్డుయినో నానో, ఒక మ్యాక్స్485 మాడ్యూల్ పెట్టి, నెట్‌వర్క్ కేబుల్లో ఒక జత తీగల మీద, దూరాలకి పనికొచ్చే ఆర్‌ఎస్485 లైను లాగండి. రెండు కొసల్లో మాత్రమే 120 ఓమ్‌లు, మధ్య మాడ్యూళ్ళ మీది రెసిస్టర్లు పీకెయ్యండి. మాస్టర్ (అన్నిటినీ నడిపే బోర్డు) ఒక్కోదాన్ని వరసగా అడిగితే, ఒకదాని లేజర్ ఇంకోదానికి పడదు.

నడవడిక ఇలా రాయండి. మనిషి దొరికిన అర సెకనులో ఆ సెన్సర్ ఎదురుగా ఉన్న పట్టీలు కొద్దిగా తల ఊపాలి, రెండు అంగుళాలు చాలు. ఆలస్యమైతే తన వల్లే కదిలిందని వచ్చినవాడికి తెలీదు, ముందుకి పోతాడు. తర్వాత రెండు సెకన్లలో ఊపు పూర్తి స్థాయికి, పక్క పట్టీకి పావు సెకను ఆలస్యంతో. మనిషి పోయాక ఆరేడు సెకన్లు తీసుకుని చల్లారాలి. సెలవు రోజు జనం కిక్కిరిస్తే నాలుగు సెన్సర్లూ నిండుగా ఉండిపోతాయి, అన్నీ ఒకేలా ఊగుతాయి, ఏడుపు ముఖం. నాలుగూ 40 సెకన్లు వరసగా నిండి ఉంటే సెన్సర్లని పక్కనబెట్టి ముందే రాసుకున్న వరస నడపండి, అందులో సగం నిశ్చలం ఉండాలి.

---

ఓల్టు సామి (చిత్తూరు)

రెండు మిగిలాయి.

కరెంటు పోయి వస్తే స్టెప్పర్‌కి తాను ఎక్కడుందో గుర్తుండదు. చేయి మధ్యలో 5 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతం, ఫ్రేముకి 3144 హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని గుర్తించేది). ఆన్ కాగానే నిదానంగా వెతికి మధ్యకి రావాలి. ఆ సెన్సర్ ఒక ధ్రువానికే పలుకుతుంది, పలకకపోతే కాలిందని పారెయ్యకుండా అయస్కాంతం తిరగేసి చూడండి. చేతులన్నీ ఒకేసారి వెతకనివ్వొద్దు, బోర్డు తర్వాత బోర్డు.

రెండోది, పిల్లకాయలు ఎగిరి గుడ్డ పట్టుకుంటారు. ఎన్ని బోర్డులు రాసి పెట్టినా పట్టుకుంటారు. గుడ్డని చేతికి నేరుగా కుట్టకుండా, పైన ఒక సన్న కర్ర, ఆ కర్రకీ చేతికీ మధ్య ఒంటిపేట నూలుదారం ముడి పెట్టండి. స్ప్రింగ్ త్రాసుకి కట్టి లాగి చూడండి, రెండు కిలోల దగ్గర తెగే దారం కావాలి. వేలాడే బరువు 200 గ్రాముల లోపే, ఊపుకి తెగదు, పిల్లోడు లాగితే తెగుతుంది, గుడ్డ కింద పడుతుంది, ఇరుసు బతుకుతుంది. కర్ర తల మీద పడుతుంది కదా అంటారు: కర్ర బదులు చీపురుపుల్లలు నాలుగు కలిపి కట్టండి. దారం ముక్కలు వంద కోసి డబ్బాలో పెట్టి, నిచ్చెన పక్కనే ఉంచండి. మూడు వారాల్లో అన్నీ అయిపోతాయి.